కట్టుగుడ్డ నేసే చోట క్లెయిమ్ గోడు

తమిళనాడులో రాజపాళయం పక్కనున్న సత్రపట్టిలో పవర్‌లూమ్‌ల చప్పుడు రాత్రిళ్లు కూడా ఆగదు. సత్రపట్టి, సముసిగాపురం, అయ్యంకొల్లంకొండాన్ ఊళ్లలో నేసేది చీరలు, పంచెలు కాదు. ఆపరేషన్ థియేటర్లలో వాడే గాజ్ గుడ్డ, గాయాలకు చుట్టే బ్యాండేజీ. మగ్గం మీద నుంచి దిగిన పల్చటి నేత బ్లీచింగులో తెల్లబడి, ఎండలో ఆరి, కత్తిరింపు అయ్యాక ఆడవాళ్ల చేతుల్లో చుట్టలుగా మారి దేశమంతటి ఆసుపత్రులకూ చేరుతుంది. విదేశాలకూ వెళ్తుంది. రెక్కల కష్టం తప్ప మరో ఆస్తి లేనివాళ్లు వేల మంది ఈ గుడ్డ మీద బతుకుతున్నారు.

అదే గుడ్డ ఆసుపత్రి బిల్లులోకి ఎక్కాక దానికి వేరే కథ మొదలవుతుంది. ఆరోగ్య బీమాకు నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన జాబితాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మూడోది, ఆపరేషన్ లాంటి ప్రొసీజర్ ఛార్జీలోనే కలిపేయాల్సిన వస్తువుల జాబితా. గాజ్, దూది, కాటన్ బ్యాండేజీ, సర్జికల్ టేపు, ఏప్రాన్ అందులో ఉన్నాయి. ఆసుపత్రి వీటికి విడిగా బిల్లు వేయకూడదని దాని ఉద్దేశం. ఆసుపత్రి విడిగానే వేస్తుంది, బీమా కంపెనీ ఆ వరుసను కొట్టేస్తుంది, తేడా డబ్బు రోగి జేబులోంచి పోతుంది. రోగి కోసం రాసిన నిబంధన చివరికి రోగి మీదే పడుతుంది.

రాజపాళయంలో మాకు వరసకు మామ ఒకాయన ఉన్నారు. నాలుగు మగ్గాల షెడ్డు ఆయనది. మదురైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మోకాలికి ఆపరేషన్ అయ్యాక, కంపెనీ పంపిన సెటిల్‌మెంటు కాగితం నా ముందు పరిచారు. ఎడమ పక్కన బిల్లు మొత్తం, కుడి పక్కన ఆమోదించిన మొత్తం, ఆ రెంటి మధ్యా కోతలు. గాజ్ అన్న వరుస మీద వేలు పెట్టి, ‘‘మా షెడ్డులో నేసిన గుడ్డనే కట్టుంటారు అల్లుడూ, దానికి దుడ్డు లేదంటా ఉండారు’’ అన్నారు. గుడ్డ తాలూకు కోత వందల్లోనే ఉంది. అసలు దెబ్బ ఇంకో వరుసలో ఉంది. ఆయన పాలసీలో గది అద్దెకు పరిమితి ఉందన్న సంగతి ఆ కాగితం వచ్చేదాకా ఆయనకు తెలియదు.

ఈ గది అద్దె లెక్క ప్రతి పాలసీదారుకూ తెలిసి తీరాలి. మూడు లక్షల పాలసీలో గది అద్దె రోజుకు ఒక శాతం, అంటే 3,000 రూపాయలని ఉందనుకోండి. మీరు 6,000 రూపాయల గదిలో చేరితే పోయేది పైన ఉన్న మూడు వేలే అనుకుంటారు. అలా కాదు. గదిని బట్టి మారే ఛార్జీలన్నీ, అంటే సర్జన్ ఫీజు, నర్సింగు, థియేటర్ ఛార్జీ, ఇవన్నీ అదే నిష్పత్తిలో సగానికి తెగిపోతాయి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చును ఈ కోతలో కలపకూడదని నిబంధన వచ్చాక కాస్త ఊరట కలిగింది కానీ, లక్షల బిల్లులో మిగిలిన కోత తక్కువేమీ కాదు. గది ఇచ్చేటప్పుడు కౌంటరులో ఈ మాట ఎవరూ చెప్పరు. నొప్పితో మూలుగుతున్న మనిషిని పక్కన పెట్టుకుని పాలసీ పుస్తకం తిరగేసే ఓపిక ఏ కొడుక్కీ, ఏ కూతురికీ ఉండదు.

ఈ కోపం ఒక్క మామది కాదు. ఐఆర్‌డీఏఐ 2023-24 వార్షిక నివేదిక ప్రకారం దేశంలో ఆ ఏడాది వచ్చిన ఆరోగ్య క్లెయిముల విలువ 1.17 లక్షల కోట్ల రూపాయలు. చెల్లించింది 83,493 కోట్లు. పాలసీ షరతుల పేరుతో కోసేసింది 15,100 కోట్లు. మొత్తంగా తిరస్కరించింది మరో 10,937 కోట్లు. మిగిలినవి ఏడాది చివరికి పెండింగులో ఉన్నాయి. ఈ అంకెల వెనుక నగలు కుదువపెట్టిన ఇళ్లు ఉన్నాయి, చేను అమ్మిన ఇళ్లు ఉన్నాయి. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, అవసరం పడ్డ రోజున ‘‘మీకు ముందే షుగర్ ఉంది, చెప్పలేదు’’ అన్న మాట విన్నవాళ్లున్నారు.

ఆ షుగర్ మాట వెనుక చాలాసార్లు ఏజెంటు ఉంటాడు. ‘‘అవన్నీ రాయక్కర్లేదండీ, ప్రీమియం పెరుగుతుంది, ఇక్కడ సంతకం పెట్టండి చాలు’’ అంటాడు. రాజపాళయం రాజుల ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది తమిళం, సంతకం పెట్టే ఫారం ఇంగ్లిషు. విజయనగర కాలం నుంచి ఇంత దూరాన తెలుగును నాలుక మీద నిలబెట్టుకున్న మనుషులు తమ ప్రాణానికి సంబంధించిన ఒప్పందాన్ని తమకు రాని భాషలో చేసుకుంటున్నారు. పాలసీ సారాంశాన్ని కోరిన స్థానిక భాషలో ఇవ్వాలన్న నియమం 2024 జనవరి 1 నుంచి ఉంది. అడిగితేనే ఇస్తారు. అడగవచ్చని చెప్పేవాళ్లు లేరు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. బీమా ఉందని తెలియగానే బిల్లు పెంచే ఆసుపత్రులున్నాయి. చేరని రోగిని చేరినట్టు చూపించే దొంగ క్లెయిములున్నాయి. కంపెనీలు ప్రతి కాగితాన్నీ అనుమానంగా చూడటానికి అదొక కారణం. కానీ దొంగను పట్టుకోవడానికి పెట్టిన వల నిజాయితీపరుడి మెడకే చుట్టుకుంటుంటే ఆ తప్పు వల వేసినవాళ్లదే.

బీదవాడికి ఏదో ఒక ఆసరా ఉంది. ఏడాదికి 1,20,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం ఐదు లక్షల దాకా ఇస్తుంది. మిల్లులో నెలకు 21,000 లోపు జీతం ఉంటే ఈఎస్ఐ ఉంది. నాలుగు మగ్గాల యజమాని, కిరాణా కొట్టు నడిపేవాడు, మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు ఈ రెంటి పరిధిలోకీ రారు. ప్రైవేటు పాలసీ వాళ్లదే, కోపం కూడా ఎక్కువగా వాళ్లదే.

ఈ కోపాన్ని ఒకడు తూటాగా మార్చాలనుకున్నాడు.

చెన్నైలో ప్రధాన కార్యాలయం ఉన్న స్టార్ హెల్త్ దేశంలోని పెద్ద ఆరోగ్య బీమా కంపెనీల్లో ఒకటి. తెలుగువాళ్లకు ఈ పేరు కొత్తది కాదు. 2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టినప్పుడు బీమా భాగస్వామి ఆ కంపెనీయే. 2009లో కరుణానిధి ప్రభుత్వం తెచ్చిన కలైంజర్ కాప్పీట్టు తిట్టం అనే బీమా పథకానికీ అదే. ప్రైవేటు పాలసీల విషయంలో మాత్రం ఫిర్యాదులు పోగుపడ్డాయి. బీమా అంబుడ్స్‌మన్ మండలి 2023-24 నివేదికలో ఆ కంపెనీ మీద వచ్చినవి 13,308. మిగతా ఏ ఆరోగ్య బీమా సంస్థ మీదా అన్ని రాలేదు. అందులో పది వేలకు పైగా క్లెయిము కాదన్నందుకో, కోసినందుకో వచ్చినవే.

2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ చెన్నై కార్యాలయానికి రెండు పార్సిళ్లు వచ్చాయి. లోపల తూటాలు, చంపుతామన్న బెదిరింపు చీటీ. ముఖ్య కార్యనిర్వహణాధికారికీ, ఆర్థిక విభాగం అధిపతికీ ఉద్దేశించినవి. వాటిని పంపింది తానేనని ‘జెన్‌జెన్’ అనే మారుపేరుతో తిరిగే ఒక హ్యాకర్ చెప్పుకున్నట్టు ఆ ఏడాది మే నెలలో రాయిటర్స్ వార్తాసంస్థ రాసింది. క్లెయిము తిరస్కరణకు గురైనవాళ్లు తన సాయం కోరారని అతను చెప్పాడు. పార్సిళ్లు కొరియర్ చేయడంలో సాయపడ్డాడన్న అనుమానంతో తెలంగాణకు చెందిన ఒక వ్యక్తి మీద తమిళనాడు పోలీసులు విచారణ జరుపుతున్నట్టు కూడా ఆ వార్తలో ఉంది.

అంతకు కొద్ది నెలల ముందే న్యూయార్క్‌లో తూటా పేలింది. 2024 డిసెంబర్ 4 తెల్లవారుజామున మన్‌హటన్‌లో ఒక హోటల్ బయట యునైటెడ్ హెల్త్‌కేర్ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ను వెనుక నుంచి కాల్చి చంపారు. ఆయన వయసు 50, ఇద్దరు కొడుకులు. అక్కడ దొరికిన తూటా తొడుగుల మీద బీమా కంపెనీలు క్లెయిములను ఎగ్గొట్టే తీరును గుర్తుచేసే మాటలు రాసి ఉన్నాయి. అయిదు రోజుల తర్వాత పెన్సిల్వేనియాలోని అల్టూనాలో 26 ఏళ్ల లుయీజీ మాంజియోనీని పట్టుకున్నారు. తాను నేరం చేయలేదని అతను కోర్టుకు చెప్పాడు. కేసు తేల్చాల్సింది న్యాయస్థానం. నన్ను కలవరపెట్టింది చుట్టూ చేరిన జేజేలు. అతని బొమ్మలతో టీషర్టులు వచ్చాయి. ఆ నెలలో ఎమర్సన్ కాలేజీ జరిపిన సర్వేలో 18 నుంచి 29 ఏళ్ల ఓటర్లలో 41 శాతం మంది ఆ హత్య ఆమోదయోగ్యమేనన్నారు. మొత్తం మీద చూస్తే 68 శాతం మంది కాదన్నారు. పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షపీరో, అతను హీరో కాదని మైకు ముందు నిలబడి నిర్మొహమాటంగా చెప్పారు.

యునైటెడ్ హెల్త్‌కేర్ మాతృసంస్థకే చెందిన ఆప్టమ్ కార్యాలయాలు హైదరాబాదులో ఉన్నాయి. అమెరికా క్లెయిముల పని మీద ఎన్నో తెలుగు ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని రాత్రి షిఫ్టుకు వెళ్లే పిల్లల్ని అడిగితే చెబుతారు: ఏ కోడ్ తప్పితే ఏ క్లెయిము వెనక్కి వస్తుందో. ఆ యంత్రంలో ఎక్కడా ఒక్క మనిషి కూర్చుని ‘‘కాదు’’ అనడు. కోడ్ అంటుంది, షరతు అంటుంది, క్లెయిములు చూసే మధ్యవర్తి సంస్థ టీపీఏ అంటుంది. ‘‘కాదు’’ అన్న మనిషి కనిపించకపోవడమే జనం కోపానికి పిచ్చెక్కిస్తుంది. కనిపించిన మనిషి మీద అది విరుచుకుపడుతుంది.

ఇక ఆ హ్యాకర్ సంగతి. పాలసీదారుల తరఫున నిలబడ్డానన్న ఈ మనిషి, తూటాలకు కొన్ని నెలల ముందు, 2024లో ఆ పాలసీదారులకే ఏం చేశాడో చూడండి. 3.1 కోట్ల మంది వివరాలు తన దగ్గరున్నాయని చెప్పి టెలిగ్రామ్ చాట్‌బాట్ల ద్వారా వాటిని బయటపెట్టాడు. ఫోను నంబర్లు, చిరునామాలు, గుర్తింపు కార్డులు, రక్త పరీక్షలు, జబ్బుల పేర్లు, అన్నీ. కేరళలో ఏడాది వయసున్న ఒక పాపకు జరిగిన చికిత్స రికార్డు, రక్త పరీక్ష ఫలితాలతో సహా, అలా దొరికినవాటిలో ఉందని రాయిటర్స్ రాసింది. కంపెనీని 68,000 డాలర్లు అడిగారు. తమ జబ్బు సంగతి తోబుట్టువులకు కూడా చెప్పుకోని ఆడవాళ్లు, పెళ్లి కావాల్సిన పిల్లల తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్ల వైద్య పత్రాలను బజారులో పెట్టినవాడు వాళ్లకు న్యాయం చేస్తానంటే ఏ మనసుతో నమ్మాలి?

హత్యతో గోడు తీరదన్నది మనం మన నేల మీదే చూశాం. 2019 నవంబర్ 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి నిప్పంటించి చంపారు. పట్టాదారు పాసు పుస్తకాల కోసం కాళ్లరిగేలా తిరిగిన రైతుల కోపం అప్పటికి ఎంత పండి ఉందో తెలుగువాళ్లందరికీ తెలుసు. ‘‘అలా చేస్తేగానీ బుద్ధి రాదు’’ అన్నవాళ్లను నేను స్వయంగా విన్నాను. ఆమెను కాపాడబోయిన డ్రైవరు కాలిన గాయాలతో చనిపోయాడు. ఆయన ఎవరి పాసు పుస్తకం ఆపాడు? నిప్పు పెట్టినవాడూ కొన్ని రోజులకే చనిపోయాడు. తర్వాత కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు కుర్చీకీ అర్జీదారుకూ మధ్య తాడు కట్టారు. అర్జీ పట్టుకుని వచ్చిన ముసలి రైతు తాడుకు ఇవతలే ఆగిపోయాడు. మరుసటి ఏడాది తెలంగాణలో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, దాని మీదా అర్జీలు గుట్టలు పడ్డాయి, 2025లో దాని స్థానంలో భూభారతి తెచ్చారు. భూమి తగాదాలు తేలేది రికార్డులు సరిచేసినప్పుడే.

తమిళనాడులో ఈ కోపం ఇప్పటిదాకా ఎక్కువగా డాక్టర్ల మీద పడింది. 2012 జనవరిలో తూత్తుకుడిలో ఒక గర్భిణి చనిపోయాక ఆమె భర్త, మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మను ఆమె క్లినిక్‌లోనే నరికి చంపాడు. 2024 నవంబర్ 13న, న్యూయార్క్ కాల్పులకు సరిగ్గా మూడు వారాల ముందు, చెన్నై గిండీలోని కలైంజర్ శతాబ్ది ఆసుపత్రిలో క్యాన్సర్ డాక్టరును రోగి కొడుకు కత్తితో పొడిచాడు. ఆయన బతికారు. డాక్టర్లు విధులు బహిష్కరించారు. ఆ రోజు దూరం నుంచి బస్సెక్కి వచ్చి ఓపీ చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్న రోగులకు జరిగిన నష్టాన్ని ఏ కేసులోనూ రాసుకోరు.

తల్లి జబ్బుతో కళ్లముందే కరిగిపోతుంటే కొడుకు గుండె ఎలా రగులుతుందో నాకు తెలుసు, ఆ బాధను తక్కువ చేయను. కత్తి పట్టుకోవడం మాత్రం నేరం, దాన్ని మెచ్చుకోవడం ఆ నేరానికి చేయూత. ఈ రెండు మాటల్నీ ఒకే నోటితో చెప్పాలి. కోపం గురించి మాట్లాడితే హింసను సమర్థించినట్టని కంపెనీల తరఫువాళ్లు అంటారు. హింసను ఖండిస్తే కంపెనీలకు అమ్ముడుపోయినట్టని సోషల్ మీడియా వీరులు అంటారు. రెండూ తప్పే.

రాజపాళయానికి ఈ విషయంలో ఒక వారసత్వం ఉంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరి తెలుగు బిడ్డ. తన సొంత ఇంటిని గాంధీ పేరిట కళామందిరానికి ఇచ్చేసిన మనిషి. ఆ ఊళ్లో క్లెయిము కోపానికి సంఘం కట్టడం, కాగితం రాయడం, పోరాడి సాధించడం కొత్త విద్యలేమీ కావు.

సాధించడానికి చేతిలో సరుకు ఉందా అంటే ఉంది. 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నగదు రహిత చికిత్సకు అనుమతి గంటలో ఇవ్వాలి. డిశ్చార్జి రోజున చివరి అనుమతి మూడు గంటల్లో రావాలి. ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ డబ్బు కంపెనీ తన వాటాదారుల నిధి నుంచి కట్టాలి. క్లెయిమును సమీక్షా కమిటీ చూడకుండా తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే ఏ షరతు కింద అన్నది పేర్కొనాలి. అయిదేళ్లు ఆపకుండా కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, జబ్బు దాచారన్న కారణంతో క్లెయిము ఆపడానికి వీల్లేదు. ఆరోగ్య పరిస్థితి తెలిసీ పాలసీ ఇచ్చిన కంపెనీ తర్వాత అదే జబ్బును సాకుగా చూపించరాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

నియమాలు బాగానే ఉన్నాయి, అమలే లేదు. డిశ్చార్జి కోసం పొద్దున తొమ్మిదికి సంచీ సర్దుకున్న కుటుంబం చీకటి పడేదాకా వరండాలో కూర్చోవడం నేటికీ మామూలే. మూడు గంటల నియమం ఆసుపత్రి గోడ మీద ఎక్కడా కనపడదు. నియంత్రణ సంస్థ ఉన్నది మన హైదరాబాదులోనే. ఆలస్యం చేసిన కంపెనీలు వాటాదారుల నిధి నుంచి నిజంగా ఎంత కట్టాయో, కంపెనీల వారీగా, మూడు నెలలకోసారి అది ప్రకటించాలి. బిల్లులో గాజ్ గుడ్డను విడిగా రాసే ఆసుపత్రికి జరిమానా వేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. ఇది రోగి నెత్తిన పడేయాల్సిన పని కాదు.

ఇవి జరిగేదాకా, ‘‘కాదు’’ అన్న కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేయకండి. అమెరికాలో ప్రభుత్వ మార్కెట్లో అమ్మే పాలసీల్లో 2023లో నెట్‌వర్క్ ఆసుపత్రుల క్లెయిములు 19 శాతం తిరస్కరణకు గురైతే, వాటిలో అప్పీలుకు వెళ్లినవి ఒక్క శాతం కూడా లేవు. మన దగ్గర కూడా చాలామంది ఆ ఒక్క కాగితంతోనే ఆగిపోతారు. మామతో ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఉత్తరం రాయించాం. ఏ ఛార్జీని ఏ షరతు కింద, ఏ నిష్పత్తిలో కోశారో వరుసవారీగా అడిగాం. ఇంప్లాంటు ధరను కూడా గది అద్దె నిష్పత్తిలో కోసినట్టు అప్పుడు బయటపడింది. ఆ భాగం వెనక్కి వచ్చింది. సర్జన్ ఫీజు కోత రాలేదు, రాదు కూడా. పాలసీలో అలాగే ఉంది.

కంపెనీ నెలలో జవాబివ్వకపోయినా, జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకు కార్యాలయం హైదరాబాదులో ఉంది. తమిళనాడు మొత్తానికీ చెన్నైలో ఒక్కటే. రాజపాళయం నుంచి అక్కడికి వెళ్లాలంటే పొదిగై ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టే వీలున్నా, కాగితాల కట్ట ముందు పెట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పుకుంటేనే సామాన్యుడికి ధైర్యం. దక్షిణ జిల్లాల వాళ్ల కోసం 2004లో మదురైకి హైకోర్టు బెంచీ వచ్చింది. బీమా అంబుడ్స్‌మన్ కూడా మదురైలో కూర్చోవాలి. నెలకు నాలుగు రోజులైనా సరే, తమిళంలో, అవసరమైతే తెలుగులో కూడా గోడు వినాలి. అంబుడ్స్‌మన్ తీర్పును 30 రోజుల్లో అమలు చేయకపోతే కంపెనీ ఆ తర్వాత రోజుకు 5,000 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు కట్టాలన్న నియమం ఉంది. అది మీ హక్కు, అడిగి తీసుకోండి.